జల్వా అద్దంలో పాత లెన్సు

వనపర్తి,
4 మార్చి 2007

మెహబూబీ ఖాలాకు సలాములతో జోయా రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఈ కాగితాల గోల ఏమిటని విసుక్కోకు. పోయినసారి నేను గుసగుసగా "కెమెరా కొన్నా ఖాలా" అని చెప్తే, నీకు సరిగ్గా వినపడక "ఏందే? కెమెరానా? ఎవ్వర్నడిగి కొంటివే?" అని అరిచావు. ఫోన్ తీగ లేకపోయినా ఆ అరుపు గద్వాల నుంచి వనపర్తికి చేరేది. పక్కగదిలో కునుకు తీస్తున్న అబ్బా లేచొచ్చాడు. నా గుట్టు రట్టయింది. అందుకే ఇకమీదట నీతో ముచ్చట్లన్నీ ఉత్తరాల్లోనే. మనిద్దరిదీ తెలుగు బడి చదువే కాబట్టి ఏ పేచీ లేదు.

సంగతేమిటంటే, నేను కొన్నది హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన డిజిటల్ కెమెరా. రీలు అక్కర్లేదు. తీసిన ఫోటో వెనకవైపు చిన్న తెర మీద అప్పటికప్పుడే కనిపిస్తుంది. చిక్కంతా దానితో వచ్చిన లెన్సుతోనే. ఎండ ఫెళ్లుమని కాస్తే తప్ప దానికి కళ్లు కనిపించవు. పరదాల వెనక, ఆడవాళ్ల గదిలో, ట్యూబులైటు వెలుతురులో పెడితే ముందుకీ వెనక్కీ గర్రుగర్రుమని తిరిగి, ఏమీ దొరక్క చివరికి మూగనోము పడుతుంది.

వచ్చే నెలాఖరున నాగర్‌కర్నూల్‌లో బుష్రా పెళ్లి. అదే, నాతో ఇంటర్ చదివిన నవ్వులబుట్ట. పెళ్లికొడుకు ఎవరో కాదు, మీ వీధి చివర చీరల వ్యాపారం చేసే ఖాజాబీ కొడుకు. ఆడవాళ్ల వైపు ఫోటోలు నన్ను తీయమన్నారు. అబ్బా ఏమన్నాడో ఆయన మాటల్లోనే విను: "ఒక్క పెండ్లి చెయ్యి. ఫోటోలు మంచిగొస్తే కెమెరా నీదే, నేనేమన. రాకుంటే అబ్రార్‌కిచ్చెయ్. నువ్వు పోయి బీఎడ్‌ల చేరు." మా అన్న అబ్రార్ సంగతి నీకు తెలుసు కదా. పెళ్లిళ్లలో మగవాళ్ల వైపు వీడియో తీస్తాడు. అప్పుడే నా కెమెరాకు కొత్త సంచి కొని పెట్టుకున్నాడు.

ఖాలా, నాకు పంతులమ్మ ఉద్యోగం వద్దు. పిల్లలకు కూడికలు చెప్తూ ఉండలేను. నీ పాత కెమెరా పాడైనా దాని లెన్సు ఇంకా నీ దగ్గర ఉందని నీ తోబుట్టువు, మా అమ్మీయే చెప్పింది. అది చేత్తో తిప్పే రకం కాబట్టి చీకటి గదుల్లో కూడా చూడగలదట. అది నాకివ్వవా?

నీ జోయా


గద్వాల,
11 మార్చి 2007

జోయా బేటీకి మెహబూబీ దువాలు.

నీ ఉత్తరం చదివి మీ ఖాలూకు కూడా వినిపించాను. ఆయన "ఆహా" అన్నాడు. మా పెళ్లయిన నాటి నుంచీ ఆయన దేనికైనా ఆహా అనే అంటాడు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, చీకట్లో కనిపించని నీ లెన్సు బ్యాటరీలు మాత్రం బాగా మేస్తూ ఉంటుంది. మా కాలంలో లెన్సుకు బ్యాటరీ ఏమిటే? వేళ్లే బ్యాటరీ. ఇటు తిప్పితే దగ్గరిది, అటు తిప్పితే దూరానిది. గద్వాల నుంచి మల్దకల్ దాకా ఏ పరదా ఇంట్లో పెళ్లయినా ఆడవాళ్ల వైపు ఫోటోలు నేనే తీసేదాన్ని. అడగని ఇల్లు లేదు. ఇది గొప్పలకు చెప్పడం కాదు, నువ్వు మరిచిపోతావని చెప్తున్నాను.

లెన్సు బియ్యం డబ్బాలో ఉంది. చెమ్మ తగలకుండా గుడ్డలో మూటకట్టి దాచాను. ఒకసారి మీ ఖాలూ బియ్యం తీయబోతే చేతికి మెత్తగా తగిలిందట. ఏ పురుగో అనుకుని డబ్బా మొత్తం వాకిట్లో ఒలకబోశాడు. అయినా దానికి గీత పడలేదు. మన పక్కింటి చెన్నయ్య వనపర్తి బస్సుకు కండక్టరు కదా, అతని చేత పంపిస్తున్నాను. "ఏముందమ్మా దీంట్ల?" అని అడిగితే "నా కన్ను" అన్నాను. ఇక మూటను ఒళ్లో పెట్టుకునే టికెట్లు కొడతానంటున్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. లెన్సు మీద గోళ్లరంగుతో పెట్టిన చుక్కలుంటాయి. పెళ్లికూతురు ఒక్కతే కూర్చుంటే ఎర్ర చుక్క దగ్గరికి తిప్పు. వియ్యపురాళ్లు ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే పసుపు చుక్క. ఆకుపచ్చ చుక్క జల్వాకు. ఎర్ర దుపట్టా కింద పెళ్లికొడుకు, పెళ్లికూతురు మధ్యలో అద్దం పెట్టి, అందులో ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకుంటారే, ఆ ఫోటో కోసమే జనం నన్ను పిలిచేది. అక్కడ ఫ్లాష్ కొట్టావో, అద్దంలో సూర్యుడే పడతాడు కానీ పెళ్లికూతురు పడదు. లెన్సు పూర్తిగా తెరిచి, ఊపిరి బిగబట్టి నొక్కాలి.

ఇంకొక మాట. ముసలమ్మలు "నన్ను తియ్, నా మనవరాలిని తియ్" అని సతాయిస్తారు. అందరికీ రీలు ఎక్కడ సరిపోతుంది? రీలు కదపకుండా ఖాళీ ఫ్లాష్ కొట్టు. వెలుగు ముఖం మీద పడితే వాళ్లకు తృప్తి, నీకు పొదుపు.

చుక్కలు చెరిపావంటే లెన్సు వెనక్కి ఇవ్వాలి.

మీ ఖాలా, మెహబూబీ


వనపర్తి,
22 మార్చి 2007

ఖాలాకు సలాం.

లెన్సు క్షేమంగా చేరింది. చెన్నయ్య మూట విప్పేదాకా కదల్లేదు. లోపల గాజు చూసి "నిజంగ కన్నేనమ్మా" అని దండం పెట్టి వెళ్లాడు.

దీని మరలు నా కెమెరాకు పట్టలేదు. హైదరాబాదు నుంచి ఒక అల్యూమినియం రింగు తెప్పించాను. రింగు కెమెరాకు, లెన్సు రింగుకు. అమ్మయ్య, కూర్చుంది. కానీ కెమెరాకు మాత్రం లెన్సు వచ్చిన సంగతే తెలియదు ఖాలా! "లెన్సు లేదు" అని మొండికేస్తుంది. వెలుతురు ఎంతో, ఎంతసేపు తెరవాలో అన్నీ నేనే చూసుకోవాలి. పైగా నీ లెన్సు చూసే దాంట్లో నడిమి భాగమే ఇందులో పడుతుంది. అమ్మీని మంచం మీద కూర్చోబెట్టి, ఆమె పూర్తిగా రావాలని వెనక్కి జరిగి జరిగి వంటింట్లో తేలాను. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే అమ్మీ అక్కడి నుంచే "జర మంట తగ్గియ్ బేటీ" అంటోంది, నవ్వు చెడకుండా.

ఇక చెప్పడానికి జంకుతున్న సంగతి. నీ ఎర్ర చుక్క దగ్గర పెట్టి తీస్తే అమ్మీ ముఖం మసక. ఒళ్లో పెట్టుకున్న చేతులు మాత్రం గాజుల మీది చెమ్కీ కూడా లెక్కపెట్టేంత స్పష్టం. నాలుగైదుసార్లు తీసినా అంతే. చుక్కలు కాస్త తప్పుతున్నాయేమో అనిపిస్తోంది.

ఖాళీ ఫ్లాష్ కూడా పారలేదు. ఎదురింటి అవ్వ మీద కొట్టి చూశాను. "ఏదీ, చూపియ్" అని కెమెరా లాక్కుంది. తెర మీద ఏమీ లేదు. "నా మొఖం నీ కెమెరాకు ఆనదా?" అని మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడు రీలు ఖర్చు లేదు ఖాలా, అందరినీ నిజంగానే తీయొచ్చు. కానీ ప్రతి ఒక్కరూ చూస్తామంటారు. చూసి "నల్లగ పడ్డ, తుడిచెయ్" అంటారు. నీ కాలమే నయం.

నీ జోయా


గద్వాల,
30 మార్చి 2007

జోయాకు.

దువాలు తర్వాత. ముందు కోపం.

నా చుక్కలు తప్పా? ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికొకతె. ఆ చుక్కలతో ఎందరి పెళ్లిళ్లు తీశాను! నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మీ ఒళ్లో నిన్ను తీసింది కూడా ఆ ఎర్ర చుక్కతోనే. ముఖమే వచ్చింది, మోచేయి రాలేదు. తప్పు నీ హైదరాబాదు రింగుది. మధ్యలో దూరిన మూడో మనిషి వల్ల చెడని సంసారం ఉంటుందా?

కెమెరాకు లెన్సు ఉన్న సంగతే తెలియదని ఏడుస్తున్నావు. ఇన్నేళ్ల కాపురంలో మీ ఖాలూకు ఇంట్లో నేనున్నానని తెలిసింది ఎన్నడు? అన్నం వేళకు తప్ప! అయినా ఇల్లు నడవలేదా? అన్నీ మనమే చూసుకోవాలి. ఎవరో చెప్తే తెలుసుకునేవాళ్లకు కెమెరా ఎందుకు, రేడియో కొనుక్కుంటే చాలు.

నా లెన్సు సగమే చూస్తోందని కూడా రాశావు. సగమే చూస్తే సగం దూరం వెనక్కి నడువు. కాళ్లున్నది ఎందుకు?

చుక్కలు ముట్టుకోకు. మళ్లీ చెప్తున్నాను.

కోపం అయిపోయింది. మీ అమ్మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నువ్వుల నూనె పంపనా?

మెహబూబీ


వనపర్తి,
4 మే 2007

ఖాలా,

పెళ్లి అయిపోయింది. నా పని కూడా అయిపోయినట్టే ఉంది. మొదటి నుంచి చెప్తాను, మధ్యలో కేకలేయకు.

నాగర్‌కర్నూల్‌లో బుష్రావాళ్ల ఇల్లు నీకు తెలుసుగా. ఆడవాళ్ల గది అగ్గిపెట్టెంత. నువ్వు చెప్పినట్టే కాళ్లతో వెనక్కి నడిచాను. నడిచి నడిచి శర్బత్ గిన్నెలో కాలు పెట్టాను. అయినా ఫోటో మాత్రం తీశాను. నీ ఎర్ర చుక్క పక్కన నేను పెన్నుతో చిన్న గీత గీసుకున్నాను (చుక్క చెరపలేదు, ఒట్టు), ఆ గీతతో పెళ్లికూతురి ఫోటోలు పాలల్లో కడిగినట్టు వచ్చాయి. ముఖం ఒక్కటే స్పష్టంగా, వెనకున్న గోల అంతా మంచులో కరిగినట్టు. ఆడవాళ్లంతా మెచ్చుకోవడం పరదా బయట అబ్రార్ చెవిన పడింది. అసూయ అంటే ఏమిటో ఆ రోజు మా అన్న ముఖంలో చూశాను.

తర్వాత జల్వా. నికా అయ్యాక పెళ్లికొడుకును లోపలికి తెచ్చారు. ఎర్ర దుపట్టా కప్పారు, అద్దం పెట్టారు. గది నిండా ఆడవాళ్లు. పెళ్లికొడుకు తల్లి ఖాజాబీ అద్దం పక్కనే దారోగాలా కూర్చుంది. నేను ఆకుపచ్చ చుక్క దగ్గర పెట్టి నొక్కాను. తెర మీద చూస్తే అద్దం చట్రం మీది పూలచెక్కడం ఒక్కొక్క రేకూ లెక్కపెట్టొచ్చు. ముఖాలు మాత్రం పొగ. మళ్లీ నొక్కాను. మళ్లీ పొగే. అప్పుడు తట్టింది ఖాలా. ముఖం అద్దం మీద ఉండదు, అద్దానికి లోపల ఉంటుంది. మనిషి అద్దానికి ఎంత ముందున్నాడో, ముఖం అంత లోపల ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ చుక్కా దాన్ని చెప్పలేదు, ప్రతి పెళ్లికీ మారుతుంది. మెల్లగా తిప్పుకుంటూ పోయాను. చట్రం కరిగిపోయింది, పూలు కరిగిపోయాయి, బుష్రా ముక్కుపుడక పైకి తేలింది. నా కొత్త లెన్సయితే ఆ పూలనే పట్టుకుని కూర్చునేది. నీది నా వేళ్ల మాట విన్నది.

కానీ ఈలోపే చూపులు అయిపోయాయి! దుపట్టా తీయబోతున్నారు. నా నోరు ఊరుకోలేదు. "జర ఆగుండ్రి! ఇంకొక్కసారి చూసుకోండ్రి" అన్నాను.

మొదటి చూపు రెండోసారి చూడమన్న మనిషి లోకంలో నేనే మొదటిదాన్నేమో. పెళ్లికొడుకు దుపట్టా కింద నుంచి మెల్లగా "మళ్ల మొదటిసారా?" అన్నాడు. అంతే. బుష్రా నవ్వింది. మామూలు నవ్వు కాదు, మా కాలేజీ నవ్వు. కళ్లు మూసుకుపోయి, పళ్లన్నీ కనిపించి. నేను నొక్కాను.

అందరూ తెర మీద పడ్డారు. పెళ్లికూతురు తల వంచుకుని సిగ్గుపడాల్సిన చోట ఇకిలించిందని ఒకటే గుసగుసలు. ఖాజాబీ లేచి "జల్వాల పండ్లు చూపిచ్చే కోడలి ఫోటో మా ఇంట్ల ఉండద్దు. తుడిచెయ్" అంది. బుష్రా వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని "తుడిచెయ్ బేటీ, నీ కాళ్లు మొక్కుత" అని ఏడుపు. బుష్రా మూతి అప్పుడే ముడుచుకుపోయింది.

నేనేం చేశానో చెప్పనా? నీ శిష్యురాలినే కదా. ఇంకేదో మీట నొక్కి తెర ఆర్పేశాను. "పోయిందా?" అంది ఖాజాబీ. "పోయింది" అన్నాను. నువ్వు ఖాళీ ఫ్లాష్ కొట్టినట్టు నేను ఖాళీగా తుడిచాను.

ఇప్పుడు చిక్కు చూడు. ఆల్బం సిద్ధమయింది. అబ్బా తాను చూడకుండా అమ్మీ చేత పేజీలన్నీ తిప్పించి "జల్వా ఫోటో ఏది?" అన్నాడు. పొగ ఫోటోలు పెట్టలేను. ఉన్న ఒక్క మంచి ఫోటో లేనట్టే లెక్క. "రాలేదు" అన్నాను. "గదే గద అసలు ఫోటో" అన్నాడు. పైగా నేను జల్వా ఆపానని ఖాజాబీ ఫిర్యాదు కూడా అందిందట. ఈ నెలాఖరుకు కెమెరా అబ్రార్ సంచిలోకి పోతుంది. అబ్బా బీఎడ్ దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మగవాళ్ల కంట పడకుండా, ఫోటో ల్యాబులో పనిచేసే శ్రీజ చేత్తోనే ఒక ప్రింటు వేయించాను. అది నీ లెన్సు సంపాదన, నీకు చూపకుండా ఉండలేకపోయాను. ఖాజాబీ ఉండేది మీ వీధిలోనే. దయచేసి ఎవరికీ చూపకు. బియ్యం డబ్బాలో దాచు.

నీ జోయా


గద్వాల,
10 మే 2007

నా బంగారు జోయాకు వెయ్యి దువాలు.

ఫోటో చూశాను. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అద్దంలో ఆ పిల్ల నవ్వు చూస్తుంటే నాకే నవ్వాగలేదు. ఇన్ని జల్వాలు తీశాను, అందరూ అద్దంలోకి దవాఖానలో మందు తాగబోతున్నట్టే చూసేవాళ్లు. ఒక్కతి నవ్వితే ఒట్టు.

ఆకుపచ్చ చుక్క గురించి. అది గద్వాల అద్దాలకు పెట్టిన చుక్క. నాగర్‌కర్నూల్‌వాళ్లు అద్దం ఎక్కడ పెట్టారో నాకేం తెలుసు? అయినా నువ్వు తిప్పి పట్టుకున్నావు, బాగుంది. ఇంతకంటే ఎక్కువ ఒప్పుకోమని అడగకు.

ఫోటో ఎవరికీ చూపలేదు. నిజం. నేను అరుగు మీద కూర్చుని చూసుకుంటుంటే చెన్నయ్య భార్య తానే వచ్చి చూసింది. పూలమ్మే ఆమె వెనక నిలబడి చూసింది. వాళ్ల కళ్లు నేను మూయగలనా? అందరూ ఆడవాళ్లే కాబట్టి పరదాకు ఏ లోటూ రాలేదు.

బీఎడ్ కాగితం మీద సంతకం పెట్టకు. చేయి నొప్పి అని చెప్పు.

ఖాలా


గద్వాల,
14 మే 2007

జోయా,

ఖాజాబీ వచ్చింది. ఫోటో చూసింది. తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి కూర్చుంది, నేను ఈ ముక్క రాస్తుంటే పక్కనే ఉంది. నువ్వు వెంటనే గద్వాల రా. కెమెరా, లెన్సు రెండూ తీసుకురా. మీ అబ్బాతో తానే మాట్లాడుతుందట. చెన్నయ్య బస్సుకు వేళయింది.

మెహబూబీ


వనపర్తి,
16 మే 2007

ఖాలా,

అయిపోయింది కదా. నాకు తెలుసు. "ఎవరికీ చూపకు" అంటే నీకు "అరుగు మీద కూర్చో" అని వినిపించింది.

నేను రాను. ఏ ముఖంతో రాను? తుడిచేశానని ఆమె కళ్లలోకి చూసి చెప్పాను. ఇప్పుడామె అబ్బాతో కూడా మాట్లాడుతుందంటే ఫోటో రాలేదన్న నా అబద్ధం కూడా బయటపడుతుంది. ఫోటో తీయడం చేతకాదన్న పేరయినా భరిస్తాను కానీ పరదా ఇంట్లో మాట తప్పిందన్న పేరు వస్తే ఇక ఏ గడపా ఎక్కనివ్వరు. ఇంకా పాపం బుష్రా. నా వల్ల ఆ ఇంట్లో ఎన్ని మాటలు పడుతోందో!

కెమెరా అబ్రార్‌కు ఇచ్చేశాను. అడక్కముందే ఇచ్చాను. వాడు సంచిలో పెట్టుకుని, మళ్లీ తీసి నా ముఖం చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. లెన్సు మాత్రం వాడికివ్వను. వాడికి గర్రుగర్రుమనేది చాలు. నీ కన్ను నీకు చెన్నయ్య చేతిలో పంపుతున్నాను. పెన్ను గీత తుడిచాను. నీ చుక్కలు నీకున్నాయి.

నీతో ఎప్పటికీ మాట్లాడకూడదనుకున్నాను. కానీ నువ్వుల నూనె అమ్మీకి బాగా పనిచేసింది, ఇంకొంచెం పంపమంది.

జోయా


గద్వాల,
19 మే 2007

పిచ్చి జోయాకు,

లెన్సు ఎవరు పంపమన్నారే నిన్ను? చెన్నయ్య మూట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. రమ్మంటే రాకుండా కన్ను పీకి పంపుతావా? తప్పు నాదే, గబగబా నాలుగు ముక్కలు గీకాను. ఖాజాబీ పక్కనే కూర్చుని "రాసినవా? బస్సు పోతది" అని పొడుస్తుంటే ఇంకేం రాయను?

ఇప్పుడు తీరిగ్గా రాస్తాను, చదువు.

ఆమె ఆ రోజు వచ్చింది చక్కెర అడగడానికి. ఫోటో నా ఒళ్లో ఉంది. దాచేలోపే తీసుకుంది. నేను మనసులో దువాలన్నీ చదువుకున్నాను. చాలాసేపు చూసింది. తిట్టలేదు. "ఇది ఎవ్వరు?" అంది. "నీ కోడలే" అన్నాను. "నా కోడలా?" అంది మళ్లీ.

తర్వాత ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "నా కోడలు గిట్ల నవ్వుతదని నాకు తెల్వదు మెహబూబీ. మా ఇంట్ల కాలుపెట్టినకాడికెళ్లి మూతి ముడుచుకొనే ఉన్నది. సలాం చేస్తది, చాయ్ ఇస్తది, తల ఎత్తది. నా కొడుకుతోని గూడ మెల్లగనే మాట్లాడ్తది. పిల్ల గింతే కావచ్చు అనుకున్న. కాదు. నేనే ముడిపిచ్చిన."

ఫోటో పట్టుకుని ఇంటికి పోయింది. అక్కడేం జరిగిందో బుష్రా నాకు చెప్పింది. అత్త వచ్చి ఫోటో ముందు పెట్టేసరికి పిల్ల "జోయా తుడిచేసిన అన్నది గద, నాకు తెల్వదు అత్తమ్మా" అని ఏడ్చిందట. ఖాజాబీ ఏం చెప్పాలో తెలియక "మంచిగున్నది, ఏడ్వకు" అని కసిరిందట. కసురుతూ మెచ్చుకుంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. బుష్రా ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మా అరుగు దాకా వినిపించింది. చెవులు వినపడవని నన్ను ఆడిపోసుకుంటావు, అది విన్నాను.

ఆమె మళ్లీ వచ్చి కూర్చుని ఇంకొక మాట చెప్పింది. "నా జల్వాల నాకు గూడ నవ్వొచ్చింది మెహబూబీ. ఆయన మీసం చూసి. మా అత్త ఇక్కడ గిల్లింది." చేయి చూపించింది. అక్కడేమీ లేదు, ముడతలే ఉన్నాయి. "గప్పుడు ఆగిన. మళ్ల ఎప్పుడు నవ్విన్నో యాదికి లేదు. నాకు ఒక్క ఫోటో తియ్యమను. కోడలు పక్కన. జోయాను పిలువు."

అందుకే నిన్ను రమ్మన్నది. నువ్వేమో ఉరికంబం ఎక్కమన్నట్టు లెన్సు మూటకట్టావు.

నీ అబద్ధం సంగతి కూడా అడిగాను. "తుడిచిన అన్నది గద?" అంటే, "తుడిస్తే దాన్ని చంపుదును" అంది.

ఇక మీ అబ్బా. నిన్న ఖాజాబీ నా ముందే ఫోన్ చేసింది. ఆమె గొంతుకు ఫోనే అక్కర్లేదు. "షరీఫ్ భాయ్, జల్వా ఫోటో వచ్చింది. మా ఇంట్ల గోడకు పెట్టిన, ఆడోళ్ల గదిల. కెమెరా కొడుకుకిచ్చినవంట? మంచిది. మా చుట్టాలల్ల ఇంకా పెండ్లిళ్లున్నయ్. నీ కొడుకొస్తే గడప బయటనే కుర్సీ వేస్త. లోపల ఫోటోలు ఎవ్వరు తీస్తరు, నువ్వొస్తవా?" అంది. మీ అబ్బా "కెమెరా పిల్లకే ఇస్త" అన్నాడట. కెమెరా నీదే. సంచి కూడా నీదే, అబ్రార్‌ను తెచ్చిమ్మను. ఆ దరఖాస్తు కాగితం మీ అమ్మీకివ్వు, నూనె సీసాకు మూత చేసుకుంటుంది.

లెన్సు ఈ ఉత్తరంతోనే మళ్లీ చెన్నయ్య చేతికి ఇచ్చాను. చుక్కలన్నీ నేనే గీకేశాను. గోళ్లరంగు పోవడానికి పొద్దంతా పట్టింది. నీ కెమెరా, నీ వేళ్లు, నువ్వే చూసుకో. అది ఇక నీది. అడిగినా వెనక్కి తీసుకోను.

ఒకటే తొందర. ఖాజాబీ రెండు రోజులుగా మా అరుగు మీద కూర్చుని నవ్వు సాధన చేస్తోంది. పెదాలు సాగదీస్తుంది, "గిట్లనా?" అని అడుగుతుంది. "గట్ల కాదు" అంటాను. మళ్లీ మొదలుపెడుతుంది. నవ్వబోతే ప్రతిసారీ కళ్లలో నీళ్లొస్తున్నాయి. కోడలు పక్కన కూర్చుని కొంగుతో తుడుస్తోంది. రేపటి మొదటి బస్సుకు బయలుదేరు.

నీ ఖాలా